హెడ్‌లైట్ పగిలితే ఏది కొనాలి: పాత ఒరిజినలా, కొత్త డూప్లికేటా, షోరూమ్ సరుకా?

షోరూమ్‌లో ఒక్క హెడ్‌లైట్ ధర విని గుండె గుభేల్‌మన్నవాళ్లకి మెకానిక్ వెంటనే చెప్పే మాట ఒకటుంది: "సెకండ్స్‌లో చూద్దాం సార్, సగం కూడా పడదు." ఆ మాట నిజమే. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ ఆటోనగర్‌లోనో ఒక పూట తిరిగితే రోడ్డు మీద కనిపించే చాలా బళ్లకి పాత హెడ్‌లైట్ దొరుకుతుంది. కానీ దొరికిన ప్రతిదీ పనికొస్తుందని కాదు. మనలో చాలామంది హెడ్‌లైట్‌ని బంపర్‌లాగా, గ్రిల్‌లాగా బాడీ పార్టు కింద లెక్కేస్తాం. పైకి మెరుస్తుంటే చాలు, బిగిస్తే అయిపోయిందనుకుంటాం. బల్బు వెలుగు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో లెక్కగట్టి చేసిన పరికరం అది. ఆ లెక్క చెడితే మీకు రోడ్డు కనపడదు, ఎదురుగా వచ్చే బైకు మనిషికి అసలేమీ కనపడదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి స్థితిలో ఉన్న పాత ఒరిజినల్, కొత్త డూప్లికేట్ కన్నా నయం. అయితే బాగా అమ్ముడైన మామూలు హాలోజన్ బండికి పాతది వెతకాల్సిన పనే లేదు, కొత్తదే మంచి బ్రాండులో అందుబాటు ధరకి దొరుకుతుంది. పాతవాటి బజారు నిజంగా అక్కరకొచ్చేది ఖరీదైన ఎల్‌ఈడీ ల్యాంపులకీ, కంపెనీ దేశం వదిలి వెళ్లిపోయిన బళ్లకీ.

ముందు మీ ల్యాంపుని బాగు చేయొచ్చేమో చూడండి

లెన్స్ పసుపెక్కి వెలుగు తగ్గడం ఒక్కటే సమస్య అయితే కొత్తదీ వద్దు, పాతదీ వద్దు. హెడ్‌లైట్ ముందుభాగం పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద గట్టి పూత ఒకటి వేసి పంపిస్తారు. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ పూత చెడిపోయాక కింది ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. మన ఎండలకి, ఆరుబయట పార్క్ చేసే బండికి ఇది తొందరగా వస్తుంది. వాటర్ పేపర్ 800 నంబరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 దాకా తడుపుతూ వరసగా రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ పట్టి, చివర్లో యూవీ క్లియర్ కోట్ కొట్టించాలి. ఆ చివరి పని చేయని షాపుకి వెళ్లకండి. పూత లేకుండా వట్టి పాలిష్ పట్టినా, ఇంట్లో టూత్‌పేస్టుతో రుద్దినా మెరుపు కొన్నాళ్లే. తర్వాత మునుపటికన్నా త్వరగా మసకబారుతుంది.

బిగించే చెవి ఒకటి విరిగితే ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించుకోవచ్చు. హౌసింగ్, అంటే ల్యాంపు వెనక డొప్ప, ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో ఉంటుంది కాబట్టి దానికి మామూలు జిగుర్లు పట్టవు. వేడి పిన్నులు దించి, అదే రకం ప్లాస్టిక్ కరిగించి అతికేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. రెండు మూడు చెవులు పోయాయంటే మాత్రం ఆ ల్యాంపు గుంతల్లో అదురుతుంది, రోడ్డు మీద వెలుగు వణుకుతుంది. అప్పుడు మార్చడమే మంచిది.

లెన్స్ ఒక్కటే పగిలిందనుకోండి, కొన్ని మోడళ్లకి విడి లెన్స్ దొరుకుతుంది. ల్యాంపుని వేడిచేసి, చుట్టూ ఉన్న బ్యూటైల్ సీల్ మెత్తబడ్డాక పాత లెన్స్ ఊడదీసి కొత్తది పెడతారు. చేయి తిరిగినవాడు చేస్తే బాగానే ఉంటుంది. సీల్ ఎక్కడైనా సరిగ్గా కూర్చోకపోతే మొదటి వానకే లోపలికి నీళ్లు దిగుతాయి. లోపల అంతా బాగున్న ఖరీదైన ఎల్‌ఈడీ ల్యాంపుకైతే ఈ పని చేయించమంటాను. హాలోజన్ ల్యాంపుకి అంత శ్రమ దండగ.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా?

"పాలసీ ఉంది కదా, టెన్షన్ ఎందుకు" అని చాలామంది నేరుగా క్లెయిమ్‌కి వెళ్తారు. ఒక్క హెడ్‌లైటే పోయినప్పుడు అది తరచూ నష్టపు బేరం. కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి 50 శాతం తరుగు తీసేస్తారు. ఆపైన 1500 సీసీ లోపు బండికి 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 మీ జేబులోంచే పెట్టుకోవాలి. చిన్న కారుకి ల్యాంపు 12,000 అనుకుంటే తరుగు పోను 6,000, అందులో వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది 5,000. దానికి బదులుగా మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అవుతుంది. మీరు 50 శాతం బోనస్‌లో ఉన్నారనీ, బోనస్ తీసేయకముందు ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం 9,000 అనీ అనుకుందాం. వచ్చే ఏడాది 4,500 ఎక్కువ కడతారు. ఆ తర్వాతి ఏడాది బోనస్ 20 శాతమే కాబట్టి ఇంకో 2,700. తర్వాత 25, 35, 45 శాతాల మెట్లెక్కి మళ్లీ 50కి చేరేలోపు మరో 4,050. మొత్తం 11,250. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు అంకె ఇంతకన్నా కొంచెం తక్కువే ఉంటుంది. అయినా 5,000 కోసం అంత వదులుకోవడం ఎవరికీ గిట్టదు. తరుగు తీయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్నవాళ్లకి చేతికి 11,000 వస్తుంది, అంటే ఇంచుమించు సరికి సరి.

బంపర్, ఫెండర్, రేడియేటర్ కూడా దెబ్బతింటే విషయం వేరు. అప్పుడు అన్నీ కలిపి ఒకే క్లెయిమ్ పెట్టి, షోరూమ్‌లో కొత్త ల్యాంపే వేయించుకోండి. ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ప్రొటెక్షన్ తీసుకున్నవాళ్లు కూడా నిశ్చింతగా క్లెయిమ్ చేసుకోవచ్చు. మిగతావాళ్లు ఇక్కడి నుంచి చదవండి.

బజారులో దొరికే రకాలు

మొదటిది కంపెనీ పార్టు, అంటే మారుతి జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్ మోబిస్ లాంటి పేరుతో వచ్చేది. సరిగ్గా కూర్చుంటుంది, వెలుగు సరిగ్గా పడుతుంది, ధర ఎక్కువ. దీని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

రెండోదాని గురించే చాలామందికి తెలియదు. కార్ల కంపెనీలు చాలావరకు హెడ్‌లైట్లు తామే చేసుకోవు, ల్యూమాక్స్, యూనో మిండా, వాలియో, హెల్లా లాంటి సంస్థల దగ్గర చేయించుకుంటాయి. ఈ సంస్థలు బాగా అమ్ముడయ్యే మోడళ్లకి ల్యాంపుల్ని తమ సొంత పెట్టెల్లో కూడా స్పేర్స్ మార్కెట్‌కి పంపుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట కౌంటర్ మీద "కంపెనీది కాదు, ల్యూమాక్స్‌ది ఉంది" అన్నారంటే ఇదే. షోరూమ్ కన్నా తక్కువకి వస్తుంది. పాత ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్ లాంటి బళ్లకి నేను మొదట అడిగేది ఇదే. దిగుమతి మోడళ్లకైతే తైవాన్ నుంచి వచ్చే డెపో, టీవైసీ ల్యాంపులు ఈ కోవలోకి వస్తాయి. అవి కార్ల కంపెనీకి సరఫరా చేసిన పార్టులు కాకపోయినా విడి ల్యాంపుల్లో పేరున్నవే.

మూడోది పేరులేని పెట్టెలో, లేదా ఒరిజినల్‌ని పోలిన పెట్టెలో వచ్చే డూప్లికేట్. లెన్స్ తళతళలాడుతుంది, చూడ్డానికి ఒరిజినల్‌కి తేడా తెలియదు. తేడా అంతా లోపలి రిఫ్లెక్టర్ వంపులో ఉంటుంది. లో బీమ్ గోడ మీద వేస్తే పై అంచు గీత గీసినట్టు తెగి ఉండాలి. వీటిలో చాలావాటికి అది మసకమసకగా పైకి చెదిరిపోతుంది. చెవులు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడాగా ఉండి బానెట్ దగ్గర సందు కనిపిస్తుంది. సెట్టింగ్ స్క్రూలు వదులుగా ఉండి, కొన్నాళ్లకే వెలుగు కిందికి జారిపోతుంది. రాత్రుళ్లు హైవే మీద తిరిగే బండికి దీన్ని వేయించొద్దు.

నాలుగోది మనం మాట్లాడుకుంటున్న పాత ఒరిజినల్. ఇవి ఎక్కువగా ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగుచేయడం గిట్టదు) కింద వేలం వేసిన బళ్లనుంచి, తుక్కుకి వెళ్లిన బళ్లనుంచి వస్తాయి. వెనకనుంచి గుద్దించుకున్న బండి ముందు ల్యాంపులు నిక్షేపంలా ఉంటాయి. ముందు దెబ్బ తగిలిన బండి ల్యాంపు పైకి బాగున్నా చెవుల్లో పగుళ్లు దాక్కుని ఉండొచ్చు. నీట మునిగిన బండిదైతే ముట్టుకోవద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు, 2015లోనూ 2023లోనూ చెన్నైలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బళ్ల విడిభాగాలు బజారులోకి రాకుండా ఉండవు.

కౌంటర్ మీద ల్యాంపుని ఎలా చూడాలి

షాపు లోపలి ట్యూబ్‌లైట్ కింద చూడకండి. ఎండలోకి పట్టుకొచ్చి చూడండి. ముందు లెన్స్. పసుపెక్కిన ల్యాంపుల్ని పాలిష్ పట్టి అమ్మడం చాలా మామూలు. ఎండకి ఏటవాలుగా పట్టుకుంటే గుండ్రటి సన్నగీతలు కనిపిస్తాయి, బానెట్ కిందికి పోయే మూలల్లో పసుపు మిగిలి ఉంటుంది, లెన్స్ మీద ఎత్తుగా ఉండే అచ్చు అక్షరాలు అరిగి నున్నబడి ఉంటాయి. ఇలాంటిది ధర బాగా తగ్గిస్తే తీసుకోవచ్చు. కానీ దాని మీద పూత లేదని గుర్తుంచుకుని క్లియర్ కోట్ ఖర్చు కూడా కలుపుకోండి.

తర్వాత వెనక్కి తిప్పి, రబ్బరు మూత తీసి, బల్బు పెట్టే రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేయండి. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. రిఫ్లెక్టర్ మీద ఉండే అల్యూమినియం పొర మైక్రాన్ కన్నా పలుచన. బల్బుకి సరిగ్గా పైభాగంలో చూడండి. అక్కడ గోధుమరంగు మచ్చో, పొగచూరిన మసకో, పొర లేచిన బుడగలో కనిపిస్తే ఆ బండి యజమాని 60/55 వాట్ల హెచ్4 బల్బు పెట్టాల్సిన చోట 100/90 వాట్లది పెట్టి తిప్పాడన్నమాట. అలాంటిదానికి లెన్స్ ఎంత మెరిసినా వెలుగు రాదు, దాన్ని బాగుచేయడమూ కుదరదు. గుడ్డ పెట్టి తుడిస్తే ఉన్న పొర కూడా ఊడుతుంది. హోల్డర్ దగ్గర ప్లాస్టిక్ కరిగిందా, వైర్లు తగిలించే కప్లర్ పిన్నులు నల్లబడ్డాయా అన్నది కూడా ఇదే చూపులో తేలిపోతుంది.

లోపల అడుగున సన్నటి మట్టి గీత, పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉంటే అది వరద ల్యాంపు. కొద్దిపాటి ఆవిరి పట్టడం వేరు. ల్యాంపుకి గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి కాబట్టి వానాకాలం పొద్దున్నే పలచటి మంచు పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతుంది. చుక్కలు కట్టి అడుగున నీళ్లు నిలిచిందంటే మాత్రం సీల్ పోయినట్టే. సముద్రం పక్కన విశాఖలో తిరిగిన బండి ల్యాంపుకి పిన్నులు మరింత జాగ్రత్తగా చూడాలి.

చెవులన్నీ లెక్కపెట్టండి. మీ పగిలిన ల్యాంపుని వెంట తీసుకెళ్తే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అతికించిన చెవి రంగులో, గరుకులో తేడా ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆపైన ఒక స్టార్ స్క్రూడ్రైవర్ అడిగి సెట్టింగ్ స్క్రూ తిప్పండి. తిప్పుతుంటే లోపల రిఫ్లెక్టర్ మెల్లగా కదలాలి. స్క్రూ ఊరికే తిరుగుతూ రిఫ్లెక్టర్ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ గింజ విరిగిపోయింది. ఆ ల్యాంపుని ఇక సెట్ చేయలేరు. చేత్తో పట్టుకుని ఊపి చూడండి. ఏదైనా గలగలమంటే అదెక్కడిదో తేలేదాకా బేరం మొదలుపెట్టకండి.

చివరిగా షాపులో ఉండే బ్యాటరీ క్లిప్పులతో లో బీమ్, హై బీమ్, పార్కింగ్, ఇండికేటర్ నాలుగూ వెలిగించి చూపించమనండి. బటన్‌తో బీమ్ ఎత్తు మారే బండి అయితే ఆ మోటారు కూడా.

మీ బండికి సరిపోతుందా

"స్విఫ్ట్‌ది కావాలి" అంటే సరిపోదు. 2005, 2011, 2018, 2024లో వచ్చిన స్విఫ్ట్‌ల ల్యాంపులు నాలుగూ వేర్వేరు. ఒకే తరంలో కూడా వేరియంట్‌ని బట్టి మారుతుంది. 2018 స్విఫ్ట్‌లో వీఎక్స్‌ఐకి హాలోజన్, జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్‌కి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్. కప్లర్ వేరు, వైరింగ్ వేరు. "వైర్లు కలిపి పెట్టేస్తాం" అనే ఎలక్ట్రీషియన్ మాట వినకండి, కొత్త బళ్లలో అలా కలిపిన వైరు కంట్రోల్ మాడ్యూల్‌కి చేటు తెస్తుంది. మొదటి రెండు తరాల డిజైర్‌కి ముందుభాగం స్విఫ్ట్‌దే, ఆ కాలపు ల్యాంపులు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ అడగొచ్చు. 2017 డిజైర్ నుంచి ఆ వీలు లేదు.

హౌసింగ్ మీద స్టిక్కర్ ఉంటే పార్టు నంబరు చూడండి. హ్యుందాయ్, కియాల్లో 92101తో మొదలైతే ఎడమది, 92102 అయితే కుడిది. టొయోటాలో 81110 కుడి, 81150 ఎడమ. హోండాలో 33100 కుడి, 33150 ఎడమ. కుడి ఎడమలెప్పుడూ డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషివి. ఫోన్‌లో అడిగేటప్పుడు కుడి ఎడమ అనే బదులు "డ్రైవర్ సైడు" అంటే గందరగోళం ఉండదు.

ప్లాస్టిక్ హౌసింగ్ మీద గుండ్రటి చిన్న అచ్చు కూడా ఉండొచ్చు. మధ్యలో సంవత్సరం, చుట్టూ 1 నుంచి 12 నెలలు, ఒక బాణం. అది ఆ ముక్క తయారైన నెల. "2021 బండిది సార్" అని అమ్మేవాడు చెప్తే, అచ్చులో 14 కనిపిస్తే మీకు వెంటనే తెలిసిపోతుంది.

ఎల్‌ఈడీ, జినాన్ ల్యాంపులు

హాలోజన్‌లో బల్బు పోతే బల్బు మారుస్తాం. ఎల్‌ఈడీ ల్యాంపుల్లో చాలావాటికి వెలుగిచ్చే భాగం లోపలే సీల్ అయి ఉంటుంది, అది పోతే మొత్తం ల్యాంపు పోయినట్టే. షోరూమ్ ధర మామూలు కారుకే పదుల వేలల్లో ఉంటుంది, జర్మన్ బళ్ల మ్యాట్రిక్స్ ల్యాంపు ఒక్కటి లక్ష దాటుతుంది. పాతది కొనడంలో మిగిలే డబ్బు ఎక్కువ, మోసపోయే వీలూ ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని ఎల్‌ఈడీ ల్యాంపులు బండి కంప్యూటర్ నుంచి సంకేతం వస్తేనే వెలుగుతాయి, నేరుగా బ్యాటరీ పెడితే వెలగవు. కాబట్టి "ఇది క్లిప్పులతో వెలగదు సార్" అని షాపువాడు అంటే అబద్ధమనుకోనక్కర్లేదు. అలాగని ఆ మాట మీద నమ్మకంతో డబ్బు చేతిలో పెట్టకూడదు. మీ బండిని షాపు ముందుకే తీసుకెళ్లి, కప్లర్ తగిలించి, డీఆర్‌ఎల్ (పగలు వెలిగే లైటు), ఇండికేటర్, లో, హై అన్నీ చూసి, పదిహేను ఇరవై నిమిషాలు వెలిగించి ఉంచండి. ఎల్‌ఈడీకి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్లలో వేడెక్కాక ఆరిపోయేవి ఉంటాయి, ఒక్క నిమిషం చూస్తే అవి బయటపడవు. వెనక ఫ్యాన్ ఉంటే తిరుగుతోందో లేదో వినండి.

బీఎండబ్ల్యూ, ఆడి, మెర్సిడెస్ లాంటివాటిలో ల్యాంపు బిగించాక స్కానర్‌తో కోడింగ్ చేయాల్సి రావచ్చు. ఆ పని ఎవరు చేస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది తేల్చుకున్నాకే ల్యాంపు కొనండి. జినాన్ ల్యాంపు అయితే బలాస్ట్ (బల్బుకి వోల్టేజీ పెంచి ఇచ్చే పెట్టె), బల్బు కలిపి ఇస్తున్నారా, విడిగానా అని అడగండి. అది వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకి పైగా పుడుతుంది, లైటు ఆన్‌లో ఉండగా వెనక చేయి పెట్టకండి.

హాలోజన్ ల్యాంపుని విప్పి, లోపల చైనా ప్రొజెక్టర్ కూర్చోబెట్టి "ఎల్‌ఈడీ చేశాం" అని అమ్మేవి కూడా పాతవాటిలో వస్తుంటాయి. వాటి జోలికి పోవద్దు. ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు.

విదేశం నుంచి తెప్పించుకుంటే

ఖరీదైన బండి ఉన్నవాళ్లు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యకి చెప్పి, అక్కడి సాల్వేజ్ యార్డు ల్యాంపుని సూట్‌కేసులో తెప్పించుకోవడం నాకు తెలుసు. దయచేసి అలా చేయకండి. అక్కడ కుడివైపు నడుపుతారు, ఆ ల్యాంపు లో బీమ్ కుడి అంచు వైపు ఎత్తుగా పడేలా చేసి ఉంటుంది. మన రోడ్డు మీద ఆ కుడివైపే ఎదురొచ్చే బండి ఉంటుంది. దుబాయ్ ల్యాంపుకీ ఇదే సమస్య. బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్ మనలాగే ఎడమవైపు నడిపే దేశాలు కాబట్టి అక్కడివి ఈ విషయంలో పనికొస్తాయి.

యూరప్ నిబంధనల ప్రకారం చేసిన ల్యాంపు లెన్స్ మీద వృత్తంలో ఇంగ్లిష్ అక్షరం E, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. దానికి దగ్గర్లోనే బాణం గుర్తు వెతకండి. ల్యాంపుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు బాణం మీ కుడివైపు చూపిస్తే అది ఎడమవైపు నడిపే దేశాలకి, అంటే మనకి. బాణం లేకపోతే కుడివైపు నడిపే దేశాలకి. రెండువైపులా బాణాలుంటే రెంటికీ మార్చుకోవచ్చు. అమెరికాలో ఉండి అక్కడి కారుకే పాత ల్యాంపు కొనేవాళ్లకి ఈ బెడద లేదు. వాళ్లు లెన్స్ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) గుర్తు చూసుకుని, పగుళ్లు, చెవులు, రిఫ్లెక్టర్ ఇక్కడ చెప్పినట్టే పరీక్షించుకుంటే చాలు.

ఏ బండికి ఏది

ఆల్టో, వ్యాగన్ ఆర్, ఐ10, పాత స్విఫ్ట్ లాంటివాటికి తయారీ సంస్థ పెట్టెలో వచ్చే కొత్తదే. పాతదానితో మిగిలే కొద్ది డబ్బుకి ఇంత పరీక్ష అనవసరం. ఆ కొత్తది మీ ఊళ్లో దొరకకపోతే మాత్రం డూప్లికేట్‌కి వెళ్లకుండా మంచి పాత ఒరిజినల్ చూడండి. దాని ధర కొత్తదాంట్లో సగం దాటితే నేనైతే వదిలేస్తాను.

షెవర్లే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి ఫియట్ కూడా లేదు. బీట్, క్రూజ్, పుంటో, లీనియా, ఫిగో, ఎకోస్పోర్ట్ ఉన్నవాళ్లకి పాతవాటి బజారే ఆధారం. ఆటోనగర్‌లో దొరకకపోతే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి షాపులు ట్రాన్స్‌పోర్టులో పంపుతాయి. అయితే ముందు వీడియో కాల్‌లో ఎండలో చూపించమనండి, బల్బు రంధ్రంలోంచి టార్చి వేసి రిఫ్లెక్టర్ చూపించమనండి. చూపించడానికి నసిగే షాపు దగ్గర కొనకండి. ఇలాంటి బళ్ల వాళ్లు మంచి ధరకి జత దొరికితే రెండూ తీసి పెట్టుకోవడం తెలివైన పని.

ఎల్‌ఈడీ ల్యాంపున్న ఐదారేళ్ల బండికి పాత ఒరిజినల్‌తోనే ఎక్కువ లాభం, పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితే. వారంటీలో ఉన్న కొత్త బండికి మాత్రం ఏ పాత పార్టూ పెట్టొద్దు. వైరింగ్‌లో తర్వాత ఏ సమస్య వచ్చినా ఆ ల్యాంపు మీదకే నెట్టేస్తారు.

బిల్లు లేకుండా తీసుకోవద్దు

దొంగ బళ్ల విడిభాగాలు ఈ బజారులో కలిసిపోతాయన్నది కొట్టిపారేయలేని నిజం. మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్‌ని 2021 డిసెంబరులో పోలీసులు మూయించింది ఈ కారణంతోనే. దొంగసొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. నమ్మశక్యం కానంత తక్కువకి మెరిసిపోయే ల్యాంపు ఇస్తామంటే, బిల్లు అడిగితే మొహం చాటేస్తే, వెనక్కి వచ్చేయండి. బిల్లు మీద మోడల్, ఏ వైపుది, పార్టు నంబరు, ఎన్నిరోజుల్లో వాపసు తీసుకుంటారు అన్నవి రాయించుకోండి. నోటిమాటగా "వారం గ్యారంటీ" అన్నదాన్ని కూడా బిల్లు మీదే రాయమనండి, రాసే షాపులు ఉన్నాయి.

బిగించాక

మీరు కొన్న పాత ల్యాంపు ఇంకో బండిలో వేరే ఎత్తుకి సెట్ చేసి ఉంటుంది. సెట్టింగ్ చేయకుండా రోడ్డెక్కితే ఎంత మంచి ల్యాంపు తెచ్చినా ఉపయోగం లేదు. టైర్లలో గాలి సరిచేసి, చదునైన చోట గోడకి ఎదురుగా ల్యాంపు నుంచి 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, ఎత్తు మార్చే బటన్ సున్నా మీద పెట్టండి. నేలనుంచి ల్యాంపు మధ్యభాగం ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో ఒక గీత, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. లో బీమ్ పై అంచు కింది గీత మీద పడాలి, ఎడమవైపు మాత్రం కొంచెం పైకి లేవాలి. అంత చోటు లేకపోతే 5 మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు. ఇది 1 శాతం వాలు లెక్క. చాలా బళ్లకి ల్యాంపు మీదో, బానెట్ కింద స్టిక్కర్ మీదో ఆ శాతం రాసి ఉంటుంది. 1.2 అని ఉంటే 10 మీటర్లకి 12 సెంటీమీటర్లు.

ఒకవైపు ల్యాంపే మార్చినప్పుడు రెండోవైపుది పసుపెక్కి ఉంటే దానికీ అదే రోజు పాలిష్, క్లియర్ కోట్ చేయించండి. బల్బులు రెండూ ఒకే కంపెనీవి, కొత్తవి వేయండి. మీ పగిలిన ల్యాంపుని షాపులో వదిలేసేముందు దాని రబ్బరు మూతలు, హోల్డర్, ఎత్తు మార్చే మోటారు ఊడదీసి ఇంటికి తెచ్చుకోండి. ఇవి విడిగా దొరకడం కష్టం, పాత ల్యాంపులకి ముందుగా పోయేవి కూడా ఇవే.